విడుపు లేని పట్టు

2017 అక్టోబర్ 1, ఆదివారం. బార్సిలోనాలో తెల్లవారకముందే వాన పట్టుకుంది. బడుల ముందు జనం గొడుగులు వేసుకుని వరసల్లో నిలబడ్డారు. చాలామంది తల్లిదండ్రులు శుక్రవారం సాయంత్రం నుంచే పిల్లాపాపలతో ఆ బడుల్లో మకాం వేశారు. పోలీసులు వచ్చి బడికి తాళం వేస్తే, స్పెయిన్ నుంచి కాటలోనియా విడిపోవాలా అన్న ఓటింగ్ జరగదు. లోపల మనుషులుంటే తాళం వేయలేరు. ఓటు పెట్టెలు ఎక్కడున్నాయో స్పెయిన్ నిఘా విభాగానికి ఆఖరి నిమిషం దాకా అంతు చిక్కలేదు. చైనా నుంచి తెప్పించి, సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లో దాచి, మామూలు జనం తమ కార్లలో ఊరూరికీ చేర్చిన పెట్టెలవి. తొమ్మిది గంటలకు పోలింగ్ మొదలవుతూనే మాడ్రిడ్ పంపిన పోలీసులు దిగారు. అద్దాల తలుపులు పగలగొట్టారు. మెట్ల మీద కూర్చున్నవాళ్లను పట్టి ఈడ్చారు. రబ్బరు గుళ్లు పేల్చారు. తెల్లజుట్టు మీదుగా నెత్తురు కారుతున్న ముసలివాళ్ల ముఖాలను మధ్యాహ్నానికల్లా ప్రపంచమంతా చూసింది. వైద్యం అవసరమైనవాళ్లు వెయ్యి దాటారని కాటలోనియా ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. ఆ రోజే కాంప్ నౌ స్టేడియంలో బార్సిలోనా జట్టు లాస్ పాల్మాస్‌తో మ్యాచ్ ఆడింది. గేట్లు మూసి ఆడింది. లక్షమందికి దగ్గరగా పట్టే మైదానంలో ఒక్క ప్రేక్షకుడూ లేడు.

ఇదంతా జరిగింది ఐరోపా యూనియన్ సభ్య దేశంలో, నలభై ఏళ్లుగా ప్రజాస్వామ్యం నడుస్తున్న చోట. కాటలన్లు తుపాకులు పట్టిన జనం కాదు. స్పెయిన్‌లోనే ఉన్న బాస్క్ ప్రాంతంలో ఈటా సంస్థ బాంబులతో, హత్యలతో ఎనిమిది వందల మందికి పైగా ప్రాణాలు తీసిన కాలంలో కూడా కాటలోనియాలో జాతీయవాదమంటే చర్చ, బేరం, సర్దుబాటు. స్పెయిన్ రాజ్యాంగాన్ని రాసిన ఏడుగురిలో ఇద్దరు కాటలన్లు. ఆ రాజ్యాంగం మీద 1978 డిసెంబర్‌లో ఓటింగ్ జరిగితే కాటలోనియాలో పోలైన ఓట్లలో తొంభై శాతం పైగా అనుకూలంగా పడ్డాయి. అలాంటి జనం ఓటు పెట్టెలు దాచుకునే స్థితికి ఎలా వచ్చారన్నది తేల్చుకోవాల్సిన ప్రశ్న. దానికి జవాబు 1714లో వెతికేవాళ్లు ఉన్నారు. నేను 2010లో వెతుకుతాను.

1714ను పక్కన పెట్టమనడం లేదు. ఆ ఏడాది సెప్టెంబర్ 11న ఐదో ఫిలిప్ సేనలకు బార్సిలోనా లొంగిపోయింది. కాటలన్ల సొంత శాసనసభ, సొంత న్యాయవ్యవస్థ రద్దయ్యాయి. ఓడిపోయిన రోజునే జాతీయ దినంగా జరుపుకోవడం ఆ జనం స్వభావం గురించి ఎంతో చెబుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో రిపబ్లిక్ వచ్చి 1932లో స్వపరిపాలన ఇచ్చింది. అంతర్యుద్ధంలో గెలిచిన ఫ్రాంకో దాన్ని ఊడ్చేశాడు. ఫ్రాన్స్‌లో తలదాచుకున్న కాటలోనియా అధ్యక్షుడు లూయీస్ కంపనీస్‌ను జర్మన్ సైన్యం పట్టి అప్పగిస్తే 1940 అక్టోబర్ 15న మోంజుయిక్ కోటలో కాల్చి చంపారు. బడిలో, ఆఫీసులో, కోర్టులో కాటలన్ భాష వినపడకుండా చేశారు. తల్లి మాట ఇంటి గడప దాటితే తప్పయిన కాలం 1975లో ఫ్రాంకో చనిపోయేదాకా సాగింది.

ఈ గతం ఎంత బరువైనదైనా 2000 నాటికి కాటలన్లలో అత్యధికులు విడిపోవాలని కోరుకోలేదు. 2005 ప్రాంతంలో కాటలోనియా ప్రభుత్వ సర్వే సంస్థ అడిగితే స్వతంత్ర దేశం కావాలన్నవాళ్లు సుమారు ఏడుగురిలో ఒకరు. 2013 చివరికి దాదాపు ఇద్దరిలో ఒకరు. మూడు వందల ఏళ్ల గతం ఆ ఎనిమిదేళ్లలో మారలేదు. మారింది మాడ్రిడ్ ప్రవర్తన.

2003 నవంబర్‌లో స్పెయిన్ సోషలిస్టు నాయకుడు హోసె లూయిస్ రోద్రిగెజ్ సపతేరో బార్సిలోనా ఎన్నికల సభలో ఒక మాట ఇచ్చాడు. కాటలోనియా శాసనసభ ఏ స్వయంప్రతిపత్తి చట్టాన్ని ఆమోదిస్తే దాన్ని తాను సమర్థిస్తానన్నాడు. ఆరు నెలలు తిరక్కుండానే ప్రధానమంత్రి అయ్యాడు. ఆ మాట మీద నమ్మకంతో కాటలన్ సభ 2005 సెప్టెంబర్ 30న కొత్త చట్టం ముసాయిదాను 135 ఓట్లలో 120తో ఆమోదించింది. మాడ్రిడ్ పార్లమెంటులో దాన్ని బాగా కత్తిరించారు. అయినా కాటలన్లు సర్దుకున్నారు. 2006 జూన్ 18న ప్రజాభిప్రాయ సేకరణ పెడితే పోలైన వాటిలో 74 శాతం ఓట్లు చట్టానికి అనుకూలంగా పడ్డాయి. సగం మంది ఓటర్లు ఇల్లు కదల్లేదన్నదీ నిజమే. ఆ ఉదాసీనతను బట్టే చెప్పవచ్చు, అప్పటికి వాళ్లు తిరుగుబాటు మనస్తత్వంతో లేరని.

అప్పటి ప్రతిపక్షం పాపులర్ పార్టీ ఊరుకోలేదు. ఆ చట్టానికి వ్యతిరేకంగా స్పెయిన్ అంతటా నలభై లక్షల సంతకాలు సేకరించింది, రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. అదే పార్టీ అందలూసియా స్వయంప్రతిపత్తి చట్టంలో దాదాపు అవే మాటలతో ఉన్న నిబంధనలకు మద్దతిచ్చింది. కాటలోనియాలో రాజ్యాంగ విరుద్ధమైనది అందలూసియాలో ఎలా సమ్మతమైందో ఆ పార్టీ నాయకులు ఈ రోజు దాకా వివరించలేదు. మిగతా ప్రాంతాల్లో ఓట్లు రాలతాయని కాటలోనియా మీద కోపాన్ని రాజేశారు. ఈ మొత్తం కథలో అన్నిటికన్నా బాధ్యత లేని పని అదేనని నా అభిప్రాయం.

న్యాయస్థానం నాలుగేళ్లు నానబెట్టింది. ఈలోగా ఒక న్యాయమూర్తి చనిపోయారు, ఒకరిని కేసు నుంచి తప్పించారు, కొందరు పదవీకాలం ముగిసినా కుర్చీల్లో కొనసాగారు. తీర్పు రాబోతోందన్న ఆందోళనతో 2009 నవంబర్ 26న కాటలోనియాలోని పన్నెండు దినపత్రికలు ఒకే సంపాదకీయాన్ని అచ్చేశాయి. శీర్షిక ‘కాటలోనియా ఆత్మగౌరవం’. వాటిలో మితవాద పత్రికలున్నాయి, వామపక్షం వైపు మొగ్గేవి ఉన్నాయి, స్పానిష్‌లో వచ్చేవి ఉన్నాయి, కాటలన్‌లో వచ్చేవి ఉన్నాయి. సంపాదకీయం రాసేవాళ్లకు పోటీ పత్రికతో ఒక్క వాక్యం దగ్గర ఏకీభవించడమే కష్టం. పన్నెండు పత్రికలు అక్షరం తేడా లేకుండా ఒకే మాట రాశాయంటే ఆ సమాజం ఎంత గట్టిగా హెచ్చరించిందో మాడ్రిడ్‌కు అర్థం కావాల్సింది. కాలేదు.

2010 జూన్ 28న తీర్పు వచ్చింది. 14 అధికరణాలను కొట్టేసింది. మరో 27 అధికరణాలను ఎలా చదువుకోవాలో తానే నిర్దేశించింది. పీఠికలో కాటలోనియాను జాతి అన్న మాటకు చట్టపరంగా విలువ లేదంది. రెండు చట్టసభలు ఆమోదించి, ఆ పైన జనం స్వయంగా ఓటేసిన ఒప్పందాన్ని న్యాయమూర్తులు విప్పేశారు. జూలై 10న బార్సిలోనా వీధులు నిండిపోయాయి. మేం ఒక జాతి, నిర్ణయం మాది అన్నది ఆ ఊరేగింపు నినాదం. ముందు వరసలో నడిచింది వేర్పాటువాది కాదు, ఆనాటి కాటలోనియా అధ్యక్షుడు, సోషలిస్టు హోసె మొంతీయా. ఆయన అందలూసియా నుంచి వలస వచ్చిన మనిషి. అలాంటివాణ్ణే వీధిలోకి లాక్కొచ్చిన తీర్పు అది.

న్యాయమూర్తులు రాజ్యాంగాన్ని తప్పుగా చదివారని నేను వాదించడం లేదు. ‘స్పెయిన్ అవిభాజ్య ఐక్యత’ అని రెండో అధికరణంలో రాసుకున్న దేశంలో ఆ తీర్పుకు చట్టపరమైన ఆధారం ఉంది. బేరసారాలతో కుదిరిన రాజకీయ ఒప్పందాన్ని తీర్పుతో తేల్చాలనుకోవడంలోనే తప్పు ఉంది. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ఇచ్చిన రక్షణలు అమలు కాకపోతే 1969లో విద్యార్థులు రోడ్డెక్కారు. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయా, చెల్లవా అన్నది కోర్టుల చుట్టూ తిరిగింది. చెల్లుతాయని 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పగానే కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. చట్టం ప్రకారం ఇచ్చిన తీర్పే, కానీ రాష్ట్రాన్ని అది అతకలేకపోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో నాయకులు కూర్చుని ఆరు సూత్రాల పథకం రాసుకున్నాకే మంటలు తగ్గాయి. వీళ్లు అడిగింది దేశంలోపల రాష్ట్రం. కాటలన్లు అడిగింది వేరే దేశం. ఈ తేడా చాలా పెద్దది. తీర్పు వల్ల మనసులు ఎలా విరుగుతాయన్న దాంట్లో మాత్రం తేడా లేదు.

ఇక డబ్బు సంగతి. స్పెయిన్ జనాభాలో కాటలోనియా వాటా సుమారు 16 శాతం, దేశ ఆదాయంలో 19 శాతం. బాస్క్, నవార్ ప్రాంతాలు తమ పన్నులు తామే వసూలు చేసుకుని కేంద్రానికి కొంత కడతాయి. కాటలోనియాకు ఆ వెసులుబాటు లేదు. 2008 తర్వాత ఆర్థిక సంక్షోభం కమ్మి, ఆసుపత్రులకు, బడులకు కోతలు పడినప్పుడు ఆ తేడా జనానికి మరింత గుచ్చుకుంది. 2012 సెప్టెంబర్ 20న కాటలోనియా అధ్యక్షుడు ఆర్టర్ మాస్ మాడ్రిడ్ వెళ్లి, బాస్క్‌లకు ఉన్నలాంటి ఏర్పాటు తమకూ కావాలని ప్రధాని మరియానో రహోయ్‌ని అడిగాడు. రహోయ్ కుదరదన్నాడు. ఉత్తచేతులతో తిరిగొచ్చిన మాస్ ఎన్నికలకు పిలుపిచ్చి స్వతంత్రం వైపు మళ్లాడు. ‘స్పెయిన్ మమ్మల్ని దోచుకుంటోంది’ అన్న నినాదం మాత్రం నాకు మింగుడుపడదు. పన్ను కట్టేది మనుషులు, ప్రాంతాలు కావు. సంపన్న ప్రాంతం డబ్బు ఎక్స్‌ట్రెమదూరా పల్లెలో ఆసుపత్రికి వెళ్తే దాన్ని దోపిడీ అనలేం. దేశమంటే పంచుకోవడమే కదా. బాస్క్‌లకు ఉన్నది మాకెందుకు లేదన్న ప్రశ్న న్యాయమైనది. మా డబ్బు పేదవాళ్లకెందుకన్న ప్రశ్న కాదు. ఉద్యమం రెండింటినీ కలిపేసింది.

ఉద్యమం చేసిన పెద్ద తప్పు అది కూడా కాదు. సగాన్ని మొత్తం అనుకోవడం. 2015 సెప్టెంబర్ ఎన్నికల్లో స్వతంత్రవాద పార్టీలకు 135లో 72 సీట్లు వచ్చాయి, ఓట్లు 48 శాతం లోపే. పట్నాలకన్నా పల్లె ప్రాంతాలకు సీట్ల లెక్కలో బరువెక్కువ కాబట్టి మెజారిటీ దక్కింది. సభలో మెజారిటీతో బడ్జెట్ పెట్టొచ్చు, చట్టాలు చేయొచ్చు. దేశాన్ని చీల్చే అధికారం మాత్రం దాంతో రాదు. బార్సిలోనా చుట్టూ ఉన్న కార్మిక పట్నాల్లో యాభైల్లో, అరవైల్లో అందలూసియా, ముర్సియా, ఎక్స్‌ట్రెమదూరాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన లక్షల కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలు కాటలన్‌లో చదువుకున్నారు, ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు, రెండు జెండాలనూ తమవే అనుకుంటారు. నువ్వు ఎవరివో ఇప్పుడే తేల్చుకో అని అడిగేసరికి ఎన్నో ఇళ్లలో భోజనాల దగ్గర మాటలు ఆగిపోయాయి.

2017 సెప్టెంబర్ 6, 7 తేదీల్లో కాటలన్ సభలో జరిగింది చూడండి. ప్రజాభిప్రాయ సేకరణ చట్టాన్ని, స్పెయిన్ రాజ్యాంగాన్ని పక్కకు తోసే సంధికాలపు చట్టాన్ని రెండు రోజుల్లో హడావిడిగా నెగ్గించారు. సభ సొంత న్యాయ సలహాదారులు అభ్యంతరం చెప్పినా వినలేదు. ప్రతిపక్షాలు లేచి వెళ్లిపోయాయి. వాళ్లు ఖాళీ చేసిన కుర్చీల వెనక సగం మంది జనం ఉన్నారు. స్వయంప్రతిపత్తి చట్టాన్ని సవరించాలంటే మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. దేశాన్ని విడగొట్టడానికి అంతకన్నా తక్కువ సరిపోతుందని వాదించినవాళ్లు మాడ్రిడ్ అన్యాయం గురించి మాట్లాడే నైతిక బలాన్ని ఆ రెండు రోజుల్లో చాలావరకు పోగొట్టుకున్నారు.

రహోయ్ దీన్ని అవకాశంగా వాడుకోగలిగేవాడు. అవతలి పక్షం తప్పులో కాలేసినప్పుడే మాటలకు పిలవాలి. ఆయన ఐదేళ్లుగా చేసిందే చేశాడు: ప్రతి అడుగునూ కోర్టుకు పంపాడు, ఆ పైన పోలీసులను పంపాడు. సెప్టెంబర్ 20న సివిల్ గార్డులు కాటలన్ ఆర్థిక శాఖ కార్యాలయాన్ని సోదా చేసి, పద్నాలుగు మందిని అరెస్టు చేశారు. అక్కడ గుమిగూడిన జనాన్ని శాంతంగా ఇళ్లకు వెళ్లమని పోలీసు జీపు ఎక్కి చెప్పిన ఇద్దరు పౌరసంఘాల నాయకులు జోర్డి సాంచెజ్, జోర్డి కుషార్ట్ తర్వాత జైలుకు వెళ్లారు. అక్టోబర్ 1న 22.8 లక్షల మంది ఓటేశారు, ఓటర్లలో 43 శాతం. అందులో 90 శాతం స్వతంత్రానికి పడ్డాయి. వద్దనేవాళ్లు ఎక్కువమంది రాలేదు కాబట్టి ఆ 90 శాతం దేశాన్ని పుట్టించే అంకె కాదు. పోలీసులను పంపకుండా ఉంటే ఈ మాట ప్రపంచమంతా అనేది. లాఠీలు లేపి, చెల్లని ఓటింగ్‌కు చెల్లుబాటు తెచ్చింది స్పెయిన్ ప్రభుత్వమే.

అక్టోబర్ 3న ఆరో ఫెలిపె రాజు టీవీలో మాట్లాడాడు. కాటలన్ నాయకుల చట్టోల్లంఘనను ఖండించాడు. ఆ పని ఆయన బాధ్యతే. రెండు రోజుల కిందట దెబ్బలు తిన్న తన పౌరుల గురించి ఒక్క మాట కూడా అనలేదు. కుటుంబ పెద్ద ఒక కొడుకును మందలించి, నెత్తురు కారుతున్న ఇంకో బిడ్డ వైపు చూడకుండా వెళ్లిపోయినట్లయింది. రాజరికం మీద కాటలోనియాలో ఉన్న కొద్దిపాటి గౌరవానికి అక్కడితో గట్టి దెబ్బ తగిలింది.

ఆ తర్వాతి కథ తెలిసిందే. అక్టోబర్ 10న కాటలోనియా అధ్యక్షుడు కార్లెస్ పుజ్‌డెమోన్ సభలో స్వతంత్రం అని, ఆ వెంటనే చర్చల కోసం దాన్ని వాయిదా వేద్దామన్నాడు. మధ్యవర్తులు ఆయనతో ఎన్నికలు ప్రకటింపజేసి కేంద్ర పాలన ఆపాలని చివరిదాకా తిరిగారు, పొసగలేదు. అక్టోబర్ 27న 70 మంది సభ్యులు సగం ఖాళీ సభలో రిపబ్లిక్‌కు ఓటేశారు. అదే రోజు స్పెయిన్ సెనేట్ 214 ఓట్లతో, కేంద్ర పాలనకు వీలిచ్చే 155వ అధికరణాన్ని ప్రయోగించడానికి అనుమతిచ్చింది, రహోయ్ కాటలోనియా ప్రభుత్వాన్ని తొలగించాడు. ప్రపంచంలో ఒక్క దేశమూ ఆ రిపబ్లిక్‌ను గుర్తించలేదు. కాటలన్ ప్రభుత్వ భవనం మీద స్పెయిన్ జెండాను కూడా ఎవరూ దించలేదు. నెలల వ్యవధిలో మూడు వేలకు పైగా కంపెనీలు తమ నమోదు చిరునామాలు మార్చుకున్నాయి. సబాదెల్, కైషా బ్యాంకులు ఓటింగ్ జరిగిన మొదటి వారంలోనే వెళ్లిపోయాయి. పుజ్‌డెమోన్ బ్రసెల్స్ చేరాడు, ఉపాధ్యక్షుడు ఓరియోల్ జుంకెరాస్ జైలుకు వెళ్లాడు. 2019 అక్టోబర్ 14న సుప్రీంకోర్టు తొమ్మిది మందికి 9 నుంచి 13 ఏళ్ల శిక్షలు వేసింది. వారం రోజుల పాటు బార్సిలోనా వీధుల్లో చెత్త డబ్బాలు తగలబడ్డాయి. అప్పటిదాకా కాటలన్ ఊరేగింపుల్లో కనపడని దృశ్యమది.

అనంతపురం పాఠకులకు ఈ ప్రాంతం అంత దూరమైనది కాదు. 1969లో వాళ్ల కరవు జిల్లాకు వచ్చి, 2009 జూన్‌లో కన్నుమూసేదాకా అక్కడే ఉండి, బత్తలపల్లిలో నిద్రిస్తున్న ఫాదర్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినవాడు. కుర్రవాడిగా స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన ఎబ్రో నది యుద్ధంలో నిలబడినవాడు. ఈ రోజుకీ ఆయన సంస్థ ద్వారా వేలమంది కాటలన్లు, మాడ్రిడ్ వాసులు, అందలూసియన్లు అనంతపురం పల్లెల్లోని పిల్లలకు నెలనెలా డబ్బు పంపుతున్నారు. వాళ్ల మధ్య ఎవరు ఏ జెండా పట్టుకుంటారన్నది ఆ పిల్లలకు తెలియదు. ఒక ఊరి కోసం కలిసి పనిచేయగలిగిన ఈ జనాన్ని ఒకరి ముఖం ఒకరు చూడలేని చోటికి నెట్టారే అన్న బాధతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

వేరే దారి లేదా అంటే ఉంది. కెనడా చూపింది. 1995 అక్టోబర్ 30న క్యూబెక్‌లో స్వతంత్రం మీద ఓటింగ్ జరిగింది. వద్దన్నవాళ్లు 50.58 శాతం. తేడా 54 వేల ఓట్లు. దేశం అంచు దాకా వెళ్లొచ్చింది. అప్పుడు కెనడా ప్రభుత్వం తన సుప్రీంకోర్టును సలహా అడిగింది. 1998 ఆగస్టులో వచ్చిన ఆ అభిప్రాయాన్ని ప్రతి కేంద్ర ప్రభుత్వమూ చదవాలి. ఒక రాష్ట్రం ఏకపక్షంగా విడిపోయే హక్కు రాజ్యాంగంలోనూ లేదు, అంతర్జాతీయ చట్టంలోనూ లేదని కోర్టు తేల్చి చెప్పింది. అక్కడితో ఆగలేదు. స్పష్టమైన ప్రశ్న మీద స్పష్టమైన మెజారిటీ విడిపోతామంటే మిగతా కెనడా చర్చలకు కూర్చోవాల్సిందేనని, అది రాజ్యాంగ బాధ్యత అని చెప్పింది. మైనారిటీల హక్కులు, ఆస్తులు, అప్పులు, సరిహద్దులు అన్నీ ఆ చర్చల్లోకి వస్తాయి. విడిపోవాలనేవాళ్లకు ఒక తలుపు చూపించింది, ఆ తలుపు దాటడం ఎంత కష్టమో కూడా చూపించింది. క్యూబెక్‌లో మళ్లీ ఇప్పటిదాకా అలాంటి ఓటింగ్ జరగలేదు. స్పెయిన్ న్యాయస్థానం మొదటి సగమే రాసింది.

బ్రిటన్ కూడా 2012లో ఎడిన్‌బరో ఒప్పందంతో స్కాట్లాండ్‌కు చట్టబద్ధమైన ఓటింగ్ ఇచ్చింది. రెండేళ్ల తర్వాత 84 శాతం పైగా పోలింగ్ జరిగి, 55 శాతం మంది కలిసుంటామన్నారు. స్కాట్లాండ్ కోరిక చల్లారలేదు. కానీ ఎవరి తలా పగల్లేదు, ఎవరూ జైలుకు వెళ్లలేదు.

అంత దూరం ఎందుకు, మన దేశంలో మిజోరం ఉంది. 1966 మార్చిలో మిజో నేషనల్ ఫ్రంట్ స్వతంత్రం ప్రకటించుకుంది. ఐజాల్ పట్నం మీద మన వైమానిక దళమే దాడి చేసింది. తమ పౌరుల ఊరి మీద తమ విమానాలు దాడి చేసిన ఆ మచ్చ చరిత్రలో ఉండిపోయింది. ఇరవై ఏళ్ల రక్తపాతం తర్వాత 1986 జూన్ 30న ఒప్పందం కుదిరింది. తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయనకు కుర్చీ ఇవ్వడానికి అప్పటి కాంగ్రెస్ ముఖ్యమంత్రి లాల్ థన్హావ్లా పక్కకు తప్పుకున్నాడు. 1987 ఫిబ్రవరిలో మిజోరం రాష్ట్రమైంది, ఆ తర్వాత అక్కడ వేర్పాటు పేరుతో యుద్ధం లేదు. ఢిల్లీ ఆ ఒప్పందంలో దేశం అంగుళం కూడా వదులుకోలేదు. వదులుకున్నది పంతం.

స్పెయిన్‌లోనూ విడుపు మొదలైనప్పుడే వేడి తగ్గింది. 2018 జూన్‌లో అవిశ్వాస తీర్మానంతో రహోయ్ దిగిపోయి పెద్రో సాంచెజ్ వచ్చాడు. 2021 జూన్‌లో ఆయన ప్రభుత్వం తొమ్మిది మంది ఖైదీలకు క్షమాభిక్ష ఇచ్చింది. 2022 డిసెంబర్‌లో రాజద్రోహ నేరాన్ని శిక్షాస్మృతి నుంచి తీసేసింది. 2023 జూలై ఎన్నికల తర్వాత గద్దె నిలవాలంటే పుజ్‌డెమోన్ పార్టీకి చెందిన ఏడుగురు ఎంపీల ఓట్లు అవసరమయ్యాయి కాబట్టి, అంతకుముందు తాను వద్దన్న సామూహిక క్షమాభిక్ష చట్టానికే ఒప్పుకున్నాడు. 2024 మే 30న అది 177–172 ఓట్లతో గట్టెక్కింది. ఈ మలుపులో సూత్రం తక్కువ, అవసరం ఎక్కువ. మాడ్రిడ్ వీధుల్లో దాన్ని అధికారం కోసం దేశాన్ని తాకట్టు పెట్టడమన్నారు. ఉద్దేశాన్ని శంకించే హక్కు వాళ్లకుంది. ఫలితాన్ని మాత్రం కాదనలేరు. 2024 మే 12న కాటలోనియాలో ఎన్నికలు జరిగితే స్వతంత్రవాద పార్టీలన్నీ కలిసి 61 సీట్ల దగ్గర ఆగిపోయాయి. దశాబ్దాల తర్వాత మొదటిసారి సభలో వాళ్లకు మెజారిటీ పోయింది. ఆగస్టులో సోషలిస్టు సాల్వదోర్ ఇయ్యా అధ్యక్షుడయ్యాడు. లాఠీలతో, శిక్షలతో, 155వ అధికరణంతో ఏడేళ్లు రాని ఫలితం క్షమాభిక్షతో వచ్చింది. ఉద్యమ పార్టీల మధ్య తగవులు, అలసట కూడా కారణాలే. జైళ్లు నిండి ఉంటే ఆ తగవులూ, అలసటా బయటపడేవి కావు. ఖైదీలు లోపల ఉన్నంతకాలం బయట ఎవరూ వాళ్లను ప్రశ్నించలేరు.

ఇంతటితో తెగిపోయిందని ఎవరూ అనుకోకూడదు. పుజ్‌డెమోన్ మీద ప్రజాధనం దుర్వినియోగం కేసుకు క్షమాభిక్ష వర్తించదని సుప్రీంకోర్టు పట్టుబట్టింది. 2025 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం క్షమాభిక్ష చట్టాన్ని ప్రధానంగా సమర్థించింది, అదీ చీలిన ఓటుతో. పన్నులు కాటలోనియానే వసూలు చేసుకునే ఏర్పాటు కాగితం మీద ఉంది, మిగతా ప్రాంతాలు ఒప్పుకోవడం లేదు. పాపులర్ పార్టీ, దానికి కుడివైపున ఉన్న వాక్స్ రేపు అధికారంలోకి వస్తే పాత దారి పట్టే అవకాశం ఉంది. కాటలోనియాలో కొత్తగా వలసదారుల మీద విషం చిమ్ముతూ ఒక స్వతంత్రవాద పార్టీ 2024లో రెండు సీట్లు గెలిచింది. శాంతియుత ఉద్యమానికి తలుపులు మూస్తే దాని జాగాలోకి ఎలాంటివాళ్లు వస్తారో చెప్పడానికి అది చాలు.

చేయాల్సిన పని మాడ్రిడ్‌కూ తెలుసు, బార్సిలోనాకూ తెలుసు. కోర్టు విప్పేసిన ఒప్పందాన్ని మళ్లీ రాసుకోవాలి. ఈసారి పాపులర్ పార్టీని, స్వతంత్రవాదులను ఇద్దరినీ కూర్చోబెట్టి రాయాలి. రాసినదాన్ని కాటలన్ల ముందు పెట్టి ఓటు అడగాలి. 2010 జూన్ నుంచి కాటలోనియాను నడిపిస్తున్న స్వయంప్రతిపత్తి చట్టం కోర్టు కోతల తర్వాత మిగిలిన ముక్క. ఆ రూపంలో దాన్ని జనం ముందు ఒక్కసారి కూడా ఓటుకు పెట్టలేదు.